అత్తమ్మ తుంటి ఆపరేషను: నెల్లూరు ఆస్పత్రిలో మాకు చెప్పినవి, చెప్పనివి

ముందే చెబుతున్నా, వైద్యం బాగానే జరిగింది. మా అత్తమ్మ ఇప్పుడు చేతికర్రతో ఇంట్లో తిరుగుతోంది, నా వంటకి వంకలు పెడుతోంది. ఆస్పత్రి పేరు రాయను, డాక్టర్ల పేర్లూ రాయను. అయితే అక్కడ ఉన్నన్నాళ్ళూ మేం పడ్డ అవస్థలో ఎక్కువ భాగం, ఏం జరుగుతోందో చెప్పే నాథుడు లేకపోవడం వల్ల వచ్చిందే. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. 2025 నవంబరు 10, కార్తీక సోమవారం. అత్తమ్మకి డెబ్బై రెండేళ్ళు. తెల్లవారుజామునే తలకి పోసుకుని తులసికోట దగ్గర దీపం పెట్టడానికి పెరట్లోకి దిగింది. రాత్రంతా జల్లు పడుతూనే ఉంది, మెట్టు మీద పాచి. దబ్బుమన్న చప్పుడు విని నేను పోయేసరికి పక్కకి పడి ఉంది. అరవలేదు. "కాలు నాది కానట్టుండాది మే" అంది. చూస్తే కుడికాలు పాదం బయటికి తిరిగిపోయి, రెండో కాలి కంటే పొట్టిగా కనబడింది. ఆ రెండూ కనబడితే తుంటి విరిగినట్టేనని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం మా ఆయన, పక్కింటి వాళ్ళు కలిసి లేపి కూర్చోబెట్టబోయారు. అత్తమ్మ కేక పెట్టేసరికి వదిలేసి 108కి ఫోన్ చేశాం. ముప్పావు గంటలో వచ్చింది.

ఆత్మకూరు ప్రభుత్వాస్పత్రిలో ఎక్సరే తీశారు. అక్కడున్న కుర్ర డాక్టరు ఫిల్ము కిటికీ వెలుగుకి పెట్టి అత్తమ్మకే చూపించాడు. "తొడ ఎముక పైన గుండు ఉంటుంది పెద్దమ్మా, దాని మెడ దగ్గర విరిగింది. కట్టు కడితే అతకదు, ఆపరేషన్ చెయ్యాల. నెల్లూరు పోండి" అన్నాడు. 108లో అయితే నెల్లూరు పెద్దాస్పత్రికి ఉచితంగానే పోవచ్చు. కానీ అత్తమ్మకి 2022లో గుండెకి స్టెంటు వేసిన ప్రైవేటు ఆస్పత్రి ఒకటి ఉంది, పాత ఫైలు అక్కడే ఉంటుంది, ప్రభుత్వం ఉచితంగా వైద్యం చేయించే స్కీము కూడా ఉంది అని మా ఆయన పట్టుబట్టాడు. ప్రైవేటు అంబులెన్సుకి 3,500 అయింది. బుచ్చిరెడ్డిపాలెం దాటి పెన్న బ్రిడ్జి ఎక్కేదాకా రోడ్డు మీద ఒక్కో గుంతకీ అత్తమ్మ నా చేతిని పిండేసింది.

క్యాజువాల్టీలోకి వెళ్ళేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర. బెడ్డు దొరికింది రాత్రి ఏడుకి. ఈలోపు వచ్చిన ప్రతివాళ్ళూ అవే ప్రశ్నలు వేశారు. ఎట్ట పడింది, షుగరుందా, బీపీ ఉందా, ఏం మందులు వాడుతోంది. మందుల చీటీ తీసి చూపించా. రాసుకున్నారు. ఇంకొకరు వచ్చారు, మళ్ళీ చూపించా, మళ్ళీ రాసుకున్నారు. మేం ఏ పాత ఫైలు కోసం అంత దూరం వచ్చామో దాన్ని తెప్పించిన వాళ్ళు మాత్రం లేరు. కాలికి పట్టీ అంటించి, మంచం చివర తాడుకి బరువు వేలాడదీశారు. ఎందుకని వార్డుబాయ్‌ని అడిగితే "కాలు లాగి పెట్టేదానికి" అని వెళ్ళిపోయాడు. అత్తమ్మకి అర్థమైంది ఒక్కటే, తను సోమవారం ఉపవాసంలో ఉందని. ఏడున్నరకి "చుక్క పొడిచే ఉంటది, ఇంత పెట్టు" అంది. సిస్టరుని అడిగితే ఇడ్లీ పెట్టచ్చన్నారు. ఆ మాట మధ్యాహ్నమే ఎవరైనా చెప్పి ఉంటే కనీసం పాలైనా పట్టేదాన్ని. షుగరు మనిషి.

మంగళవారం నుంచి మాకు ఆస్పత్రి పద్ధతి తెలిసొచ్చింది. పెద్ద డాక్టరు పొద్దున ఏడున్నర, ఎనిమిది మధ్య రౌండ్సుకి వస్తారు. రౌండ్సుకి ముందు సెక్యూరిటీ అతను వచ్చి అటెండర్లందర్నీ బయటికి పంపేస్తాడు. అంటే రోజు మొత్తంలో డాక్టరు కనబడే ఒక్క సమయంలో, అడగాల్సిన మనుషులు గది బయట ఉంటారు. తలుపుకున్న గాజు పలకలోంచి చూస్తూ నిలబడేవాళ్ళం. ఆయన అత్తమ్మ మంచం దగ్గర ఆగేది నిమిషం కూడా ఉండదు. వెనకాల ఉన్న జూనియర్లతో ఇంగ్లీషులో ఏదో చెప్పి పక్క మంచానికి పోయేవారు. లోపలికెళ్ళి "ఏం చెప్పారు అత్తమ్మా?" అంటే "నన్నేం అడగలా. ఆ పిల్లోళ్ళతో మాట్లాడుకున్నాడు" అనేది. జూనియర్ని పట్టుకుంటే "సార్ చెప్తారు". సారుని పట్టుకుందామంటే ఓపీలో అరవై మంది క్యూ.

స్కీము కౌంటరు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడే కాస్త మనిషిలా మాట్లాడిన వాళ్ళు దొరికారు. ఎన్.టి.ఆర్. వైద్య సేవ డెస్కులో వైద్యమిత్ర, అంటే స్కీము పనులు చూసిపెట్టే మనిషి, ఉంటారు. బియ్యం కార్డు, ఆధార్ ఒరిజినల్సు కావాలి. ఫోన్లో ఫోటోలు చూపిస్తే కుదరలేదు, మా ఆయన మళ్ళీ ఊరికి పోయి తెచ్చాడు. తర్వాత వేలిముద్ర. గొడ్డుచాకిరీ చేసిన చేతులకి గీతలు ఎక్కడ మిగులుతాయి, మిషను పట్టలేదు. ఓటీపీ పంపుదామంటే ఆధార్‌కి ఉన్నది చనిపోయిన మా మామగారి పాత నంబరు. చివరికి వైద్యమిత్ర టాబ్ పట్టుకుని వార్డులోకే వచ్చి, ఒక్కో వేలూ తడిగుడ్డతో తుడిచి, ఎడమచేతి ఉంగరపు వేలుతో పని కానిచ్చాడు. "ఆపరేషన్, లోపల పెట్టే గుండు, మందులు అన్నీ స్కీములోనే అమ్మా. ఎవరైనా డబ్బులు అడిగితే నాకు చెప్పండి, లేకుంటే 104కి చెయ్యండి" అన్నాడు. బుధవారం మధ్యాహ్నానికి అప్రూవల్ వచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఆధార్‌కి ఏ ఫోన్ నంబరుందో ఇవాళే చూసుకోండి.

అప్రూవల్ వచ్చింది కదా, మరి ఆపరేషన్ ఎప్పుడు? ఇదీ మాకు అంతుపట్టని సంగతి. మా తర్వాత మంగళవారం చేరిన కుర్రాడికి కాలు ఆపరేషన్ బుధవారమే చేసేశారు. పక్క మంచం దగ్గరున్న కావలి ఊరి ఆయన "స్కీము కేసులు కదా, చివర్న పెడతారు. డబ్బులు కట్టేవాళ్ళవి ముందు" అన్నాడు. ఆయనకి ఎవరు చెప్పారో మరి. శ్రీసిటీలో పనిచేసే మా మరిది బుధవారం సాయంత్రం దిగాడు. దిగీ దిగగానే బిల్లింగ్ కౌంటరు దగ్గర గొడవ. "ఎంత కట్టమంటారో చెప్పండి, రేపు పొద్దున చేస్తారా చెయ్యరా?" అని అరుపులు. కౌంటరులో ఉన్న పిల్ల బిత్తరపోయి "కనుక్కుని చెప్తాం సార్" అంది. మా ఆయన నా దగ్గరికొచ్చి పొలం కౌలు డబ్బులు ఎంతున్నాయని అడిగాడు. ఇంకో గంట గడిస్తే కట్టేసేవాళ్ళమే.

ఆ గంటలోనే మత్తు డాక్టరమ్మ వచ్చింది. ఫిట్‌నెస్ చూడ్డానికి. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. అన్ని రోజుల్లో అత్తమ్మ దగ్గర కూర్చుని మాట్లాడిన మొదటి డాక్టరు ఆమే. "గుండెకి వేసుకునే బిళ్ళ చివరిసారి ఎప్పుడేసుకున్నావు పెద్దమ్మా?" అని అడిగింది. ఆదివారం రాత్రి అని చెప్పాం. "అది రక్తాన్ని పలచన చేసే బిళ్ళ. నీకు నడుములో సూది వేసి మత్తు ఇవ్వాల. బిళ్ళ ప్రభావం పోకముందే వేస్తే లోపల రక్తం చేరి నరాలు నొక్కుకుపోతాయి, కాళ్ళు పడిపోవచ్చు. అందుకే ఐదు రోజులు ఆగుతున్నాం. శుక్రవారం గానీ శనివారం గానీ చేస్తారు." అంతే. రెండు నిమిషాలు. మా మరిది మొహం చూడాలి అప్పుడు. సోమవారం క్యాజువాల్టీలో చీటీ రాసుకున్న నాడే ఈ సంగతి వాళ్ళకి తెలుసు. మాకు తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఈ రెండు రోజుల్లో మేం ఆస్పత్రిని అనుమానించాం, స్కీముని తిట్టుకున్నాం, అన్నదమ్ములిద్దరూ "నువ్వు ఇక్కడికి తెచ్చావు", "నువ్వు రానేలేదు" అని కాంటీన్ ముందు వాదించుకున్నారు. కాలు కుర్రాడికి మాత్రం ఏ బిళ్ళలూ లేవు, అందుకే వెంటనే చేశారు.

గురువారం సాయంత్రం సంతకాలు. వార్డు సిస్టరు పిలిచి "మగవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అంది. మా ఆయన రక్తం పనిమీద రెడ్‌క్రాస్ బ్లడ్ బ్యాంకు దగ్గర ఉన్నాడు. ఇద్దరు మనుషులు రక్తం ఇవ్వాలన్నారు, మరిదీ అతని స్నేహితుడూ ఇచ్చారు. నేను చాలనా అంటే కాసేపు ఆలోచించి సరే అంది. నాలుగైదు పేజీలు, అంతా ఇంగ్లీషు. నేను డిగ్రీ చదివాను, చదవగలను. చదవడం మొదలుపెడితే "అక్కా, అది అందరికీ ఒకటే ఫారం" అన్నారు. చివర ఖాళీలో నా చేతిరాతతో తెలుగులో ఒక వాక్యం రాయమన్నారు: "నాకు అర్థమయ్యే భాషలో అన్నీ వివరించారు." వివరించండి, రాస్తాను అన్నాను. డ్యూటీ డాక్టరుని పిలిచారు. అతను నిలబడే "వయసు, షుగరు, స్టెంటు ఉంది కాబట్టి హై రిస్క్. టేబుల్ మీద ఏమైనా జరగొచ్చు. తర్వాత ఐసీయూ పట్టచ్చు" అన్నాడు. ఏమైనా అంటే ఏంటి, నూటికి ఎంతమందికి, ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుంది అని అడిగా. ఆ మూడో ప్రశ్నకి మాత్రం సరిగ్గా జవాబిచ్చాడు. చేయకపోతే మంచానికే పరిమితం, పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకి నెమ్ము చేస్తుంది, ప్రాణానికి అదే ఎక్కువ ప్రమాదం అని. ఆ మాట ముందు చెప్పి, ఆ తర్వాత హై రిస్కు సంగతి చెప్పుంటే నా చెయ్యి అంత వణికేది కాదు.

ఇదంతా మంచం మీద నుంచి అత్తమ్మ వింటూనే ఉంది. ఐదో తరగతి దాకా చదివింది, డ్వాక్రా గ్రూపు పుస్తకంలో ఏళ్ళ తరబడి సంతకాలు పెట్టింది. "నా కాలు కొయ్యను నా సంతకం అడగరా?" అంది. డ్యూటీ డాక్టరు నవ్వాడు, కానీ ఆ కాగితం ఆమె ముందు పెట్టాడు. కళ్ళజోడు పెట్టుకుని నా పేరు పైన తన పేరు రాసింది. తెలివిలో ఉన్న పేషెంటు సంతకమే అసలు సంతకమట. ఈ ముక్క మా బంధువుల్లో ఒక ప్లీడరు తర్వాత చెప్పాడు.

శుక్రవారం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాత్రి పన్నెండు తర్వాత మంచినీళ్ళు కూడా వద్దన్నారు. పొద్దున తుంటి దగ్గర శుభ్రం చేసి, ఆకుపచ్చ గౌను తొడిగి, గాజులు తీయించి, కట్టుడు పళ్ళు డబ్బాలో పెట్టించి సిద్ధం చేశారు. పదకొండు, పన్నెండు, ఒంటిగంట. ఎప్పుడు పిలుస్తారని అడిగితే "ఓటీ నుంచి ఫోన్ రావాలి". అత్తమ్మ నోరు ఎండిపోయి పెదాలు అతుక్కుంటున్నాయి. దూది తడిపి పెదాలకి అద్దుతూ కూర్చున్నా. రెండు దాటాక మాట తడబడుతోందని సిస్టరుని బతిమాలితే షుగరు చూసింది, 68. గబగబా గ్లూకోజు పెట్టారు. రెండున్నరకి అన్నం ట్రాలీ తోసుకొచ్చిన ఆయా "ఈ అవ్వకి ఇయ్యాళ లేదంట, భోజనం పెట్టమన్నారు" అంది. ఆపరేషన్ వాయిదా పడిందని మాకు చెప్పింది ఆయా! పొద్దున హైవే మీద యాక్సిడెంటు కేసులు వచ్చాయట, థియేటరు ఖాళీ లేదట. అది న్యాయమే, వాళ్ళ ప్రాణాలు ముందు. కానీ ఆ సంగతి థియేటరు వాళ్ళకి పొద్దున తొమ్మిదికే తెలుసు. వార్డుకి ఒక్క ఫోను చేస్తే ముసలామె ఇడ్లీ తినేది.

ఆ సాయంత్రం నేను నోటుబుక్కు కొన్నా. ప్రశ్నలు అంకెలేసి రాసుకున్నా. శనివారం పొద్దున సెక్యూరిటీ వచ్చి బయటికి పొమ్మంటే, "పోతాను, డాక్టరుగారు బయటికి వచ్చేటప్పుడు ఈ నాలుగూ అడుగుతా, తలుపు దగ్గరే ఉంటా" అన్నా. పెద్ద డాక్టరు బయటికి రాగానే పుస్తకం తెరిచి పట్టుకున్నా. విసుక్కుంటారేమో అనుకున్నా గానీ ఆగారు. ఇవాళ మొదటి కేసు మీదే అన్నారు. ఎంతసేపు, ఎప్పుడు నడుస్తుంది, అన్నిటికీ తెలుగులోనే పొట్టిగా, స్పష్టంగా చెప్పారు. ఆయనకి చెప్పడం రాక కాదన్నమాట. అడిగే చోటు ఎవరూ పెట్టలేదు, అంతే. ఆ రోజు నుంచి రోజూ అలాగే నిలబడ్డా, మూడు ప్రశ్నలకి మించకుండా. నన్ను చూసి కావలి ఆయన కూడా ఒక పుస్తకం తెచ్చుకున్నాడు.

శనివారం, నవంబరు 15. తొమ్మిదికి తీసుకెళ్ళారు. స్ట్రెచరు తోసిన ఇద్దరూ లిఫ్టు దగ్గర తల గోక్కుంటూ నిలబడ్డారు, వందా వంద ఇచ్చాం. స్కీములో ఇది ఉండదు కానీ ప్రతి తలుపు దగ్గరా ఉంటుంది. పన్నెండున్నరకి "అయిపోయింది, బాగుంది" అని కబురు. సాయంత్రం వార్డుకి తెచ్చాక అత్తమ్మ చెప్పిన మొదటి మాట: "నాకు అంతా తెలస్తానే ఉండాది మే. లోపల సుత్తితో కొడతా ఉండారు, వడ్లోళ్ళు ద్వారబంధం బిగించినట్టు. ఆళ్ళేమో ప్లాట్ల రేట్లు మాట్లాడుకుంటుండారు." నడుముకి సూది వేస్తే నొప్పి తెలియదు గానీ మనిషి మెలకువగానే ఉంటుంది, చప్పుళ్ళు వినిపిస్తాయి. ఈ సంగతి ముందు చెప్పి ఉంటే ఆ రెండు గంటలూ "మత్తు ఎక్కలేదేమో, ఇప్పుడు నొప్పి వస్తాదేమో" అని ఊపిరి బిగబట్టుకుని ఉండేది కాదు పాపం.

అసలు భయం ఆ రాత్రి. రెండింటికి మెలకువ వచ్చి చూస్తే అత్తమ్మ లేచి కూర్చోబోతోంది. "బర్రె కట్టు తెంచుకునింది, పోయి పట్టుకో" అంటోంది. నన్ను ఎప్పుడో పోయిన వాళ్ళ చెల్లెలి పేరుతో పిలుస్తోంది. సెలైను గొట్టం పీకేసింది, దుప్పటంతా రక్తం. మూత్రం గొట్టం కూడా లాగబోతుంటే వార్డుబాయ్ వచ్చి రెండు చేతులూ గాజుగుడ్డతో మంచం కడ్డీలకి కట్టాడు. "నన్ను కట్టేశారే" అని ఆమె ఏడుస్తుంటే నేను కూడా ఏడ్చా. డ్యూటీ డాక్టరు వచ్చి చూసి "సైకోసిస్, కామన్" అని ఏదో రాసి వెళ్ళాడు. ఆ మాట విన్న మా ఆయన కింద కూర్చుండిపోయాడు. ఆపరేషన్లో మెదడుకి ఏదో అయింది, అమ్మకి పిచ్చెక్కింది అనుకున్నాడు.

తెల్లవారి డ్యూటీకి వచ్చింది పొదిలి అమ్మాయి, స్టాఫ్ నర్సు. ఇరవై నాలుగేళ్ళు కూడా ఉండవు. చూడగానే చేతుల కట్లు విప్పింది. "భయపడబాకండి అక్కా, పిచ్చి కాదు. పెద్ద వయసు వాళ్ళకి ఆపరేషన్ తర్వాత ఇట్ట అయితాది. నిద్ర ఉండదు, నొప్పి, కొత్త చోటు, అన్నీ కలిసి తికమక పడతారు. రెండు మూడు రోజుల్లో దిగిపోతాది. కళ్ళజోడు యాడ?" అంది. కళ్ళజోడు గాజులతో పాటు నా సంచిలో ఉంది! తీసి పెట్టింది. కట్టుడు పళ్ళు పెట్టింది. కిటికీ తెర తీసేసింది. "టైమెంతో, ఏ వారమో, యాడుండామో చెప్తా ఉండండి. బర్రె సంగతి అడిగితే వాదించబాకండి, కట్టేశామని చెప్పండి. పగలు నిద్ర పోనీబాకండి. తెలిసిన మనిషే పక్కనుండాల" అంది. రక్తపరీక్షలో సోడియం చూడాలని డ్యూటీ డాక్టరుకి గుర్తు చేసింది కూడా ఆమే. కొంచెం తగ్గి ఉందని సెలైను మార్చారు. ఆదివారం సాయంత్రానికి అత్తమ్మ నన్ను నా పేరుతో పిలిచింది. సోమవారానికి పూర్తిగా తేరుకుంది. ఆ రాత్రి సంగతి ఏదీ గుర్తు లేదు.

ఇది రాయడానికి కూర్చోవడానికి అసలు కారణం ఈ రాత్రే. తుంటి ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళలో ఇది చాలామందికి వస్తుందట. అంత మామూలు సంగతైతే శనివారం సాయంత్రమే "రాత్రి కొంచెం తికమకగా మాట్లాడచ్చు, కళ్ళజోడు దగ్గర పెట్టుకోండి" అని ఎవరైనా అనచ్చు కదా. మా ఆయన ఇప్పటికీ ఆ రాత్రి తలుచుకుంటే తిండి మానేస్తాడు.

సోమవారం 17న వాకరుతో నిలబెట్టారు. అత్తమ్మ ఆ రోజు మళ్ళీ ఉపవాసం అంది. పొదిలి అమ్మాయి "శివుడికి నేను చెప్తాలే అవ్వా, తిను" అని ఉప్మా తినిపించింది. నాలుగడుగులు వేసి కళ్ళు తిరుగుతున్నాయని కూలబడింది. మర్నాడు గది చివరిదాకా నడిచింది.

డిశ్చార్జి గురువారం, 20న. పొద్దున పదికి చెప్పారు, బయటికొచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. స్కీము ఫోటో, వేలిముద్ర, ఫార్మసీ క్లియరెన్సు, సమ్మరీ టైపు కావడం. నడుమ ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి ఐదు నిమిషాల్లో వ్యాయామాలు చూపించి, ఇంగ్లీషులో బొమ్మల కాగితం ఇచ్చాడు. నేల మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, మామూలు లెట్రిన్ వాడకూడదు. మా ఇంట్లో ఉన్నది మామూలు లెట్రినే! ఈ మాట సోమవారం చెప్పుంటే ఇంట్లో ఏర్పాటు చేసుకునేవాళ్ళం. డిశ్చార్జి రోజు మా ఆయన పొగతోట అంతా తిరిగి కమోడ్ కుర్చీ 2,800కి, వాకరు 1,300కి పట్టుకొచ్చాడు. బేరమాడే తీరిక లేదు. ఆపరేషన్ అయిన రోజే "ఇంటికెళ్ళాక ఏం కావాలి" అని అడగండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

సమ్మరీ చేతికొచ్చాక ఒక్కో మందూ పాత చీటీతో పోల్చి చూశా. షుగరు బిళ్ళ ఉంది, బీపీ బిళ్ళ ఉంది, రక్తం గడ్డకట్టకుండా కొత్త బిళ్ళ ఉంది. గుండెకి వేసుకునే పాత బిళ్ళ లేదు. మళ్ళీ మొదలుపెట్టాలా, మానేయాలా, రెండు బిళ్ళలూ కలిపి వేయచ్చా, ఏదీ రాయలేదు. ఆ ఒక్క బిళ్ళ కోసం ఐదు రోజులు ఆపరేషన్ ఆపారు, తీరా ఇంటికి పంపేటప్పుడు దాని ఊసే లేదు. జూనియర్ని అడిగితే "కార్డియాలజీ వాళ్ళు చెప్పాలి", వాళ్ళనడిగితే "ఆర్థో వాళ్ళు అడగాలి". కాగితం రాయందే కదలనని నర్సుల బల్ల దగ్గర నిలబడ్డా. అంబులెన్సు అతను కింద నుంచి ఫోన్ల మీద ఫోన్లు. చివరికి జూనియరే కార్డియాలజీకి ఫోన్ చేసి, కొత్త బిళ్ళ ఎన్నాళ్ళు, పాతది ఏ తేదీ నుంచి అని సమ్మరీ మీదే పెన్నుతో రాసి సంతకం పెట్టాడు. స్టెంటు ఉన్నవాళ్ళు ఆ బిళ్ళ ఊరికే మానేస్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కేస్ షీటు నకలు కావాలని కూడా అప్పుడే కాగితం రాసిచ్చా. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉందని మా ప్లీడరు చెప్పాడు. కుట్లు తీయించడానికి 29న వెళ్ళినప్పుడు గొడవ లేకుండా ఇచ్చారు.

మొత్తం మా చేతి నుంచి పోయింది పద్దెనిమిది వేల దాకా. అంబులెన్సులు రెండు వైపులా, కుర్చీ, వాకరు, డైపర్లు, కాంటీను, ఆటోలు, ఆ వందలూ. ఆపరేషన్‌కి రూపాయి తీసుకోలేదు. డిసెంబరు మొదట్లో స్కీము వాళ్ళ ఫోన్ వచ్చింది. డబ్బులడిగారా, భోజనం పెట్టారా, మందులిచ్చారా అని అడిగారు. అన్నిటికీ బాగుందనే చెప్పా, నిజం కాబట్టి. డాక్టర్లు మీకు అన్నీ చెప్పారా అనే ప్రశ్న మాత్రం అందులో లేదు.

డిసెంబరు 27న రివ్యూ. ఓపీలో రెండు గంటలు కూర్చున్నాం. పెద్ద డాక్టరు ఎక్సరే చూసి నాతో మాట్లాడబోతుంటే అత్తమ్మ అడ్డం పడింది. "అయ్యా, నాలో పెట్టిన గుండు ఇనుమా, స్టీలా? ఎన్నాళ్ళొస్తాది?" ఆయన నవ్వి, చీటీ వెనక బొమ్మ గీశారు. ఎముక మెడ విరిగితే పై గుండుకి రక్తం అందదు, వయసులో అతకదు, అందుకే తీసేసి లోహపు గుండు పెట్టాం, నీ జీవితానికి సరిపోతుంది అన్నారు. ఇంకో నెల చేతికర్ర వాడమన్నారు. మార్చిలో మళ్ళీ ఎక్సరే.

"మరి బర్రె పాలు పితకచ్చా?"

"గొంతుక్కూర్చుని అయితే వద్దమ్మా, ఎప్పటికీ."

"ఎత్తు పీట వేసుకుని?"

ఆయన నా వైపు చూశారు. నేను నోటుబుక్కులో రాసుకున్నా: ఎత్తు పీట, మార్చిలో అడగాలి.